మూత పెట్టిన పళ్ళెం

మొదటి రోజు

దమయంతి ఈ రోజు గేటు దగ్గర నా కుర్చీలో కూర్చుంది.

అడగలేదు. అడిగితే కూర్చోమనేదాన్నే, అది వేరే సంగతి. సముద్రం మీద తేలే ఊళ్ళలో ఐదోది మాది, ఆ ఐదో తేలుడు బడి గేటు దగ్గర పంతొమ్మిదేళ్ళుగా ఆ కుర్చీ నాది. ఉప్పుగాలికి రెండు కాళ్ళు తుప్పు పట్టి ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. నేను కూర్చుంటే కిర్రుమంటుంది. ఆమె కూర్చుంటే చప్పుడైనా చెయ్యలేదు.

శిక్షణ మొదలైంది. బడిపెద్ద సింహాద్రి గారికి వయసు నిండింది. అరవై రోజుల్లో ఆయన పడవెక్కి నేల మీదకి వెళ్ళిపోతారు. ఆయన స్థానానికి ఇద్దరం పోటీ. నేను నూకరత్నాన్ని, నలభై నాలుగేళ్ళు, పంతొమ్మిదేళ్ళ గేటు కొలువు. ఆమె దమయంతి, ఇరవై ఎనిమిదేళ్ళు, జబ్బుగదిలో నాలుగేళ్ళ కొలువు, పైగా బడి నిర్వహణలో పట్టా. నలభై అయిదు నిండితే ఈ శిక్షణకి తీసుకోరు. వచ్చే నెల నాకు నలభై అయిదు. నాకిదే ఆఖరిసారి. ఆమెకింకా పదిహేడేళ్ళుంది. ఈ లెక్క గుర్తొచ్చినప్పుడల్లా నా కడుపు మండుతుంది.

పాఠాలు చెప్పేది పిల్లల చెవుల్లో పెట్టే చెవిబిళ్ళలు. హాజరు వేసేదీ అవే. బడిలో మనుషులకి మిగిలింది గేటు, వంట, పడవలు, జబ్బుగది. వీటన్నిటి మీదా ఒక్క బడిపెద్ద. తేలుళ్ళన్నిటిలో మనిషి మాట చెల్లే పెద్ద కొలువు అదొక్కటే.

సింహాద్రి గారు మా ఇద్దరి చేతుల్లో చెరో రెండు పుస్తకాలు పెట్టారు.

"ఏటమ్మా, రూలు తెలుసు కదా. ఎవుల గురించి ఆళ్ళు రాసుకున్నది సెల్లదు. దమయంతి ఎలా సేసిందో రత్నం రాయాల. రత్నం ఎలా సేసిందో దమయంతి రాయాల. ముందు చిత్తు, దీపాల యేళకి సాపు. సాపు ఈ పెట్టిలో వెయ్యాల. ఒక్క రోజు ఎగ్గొట్టినా, ఒక్క అబద్ధం రాసినా కొలువు మాట మర్సిపోండి."

అంటే అరవై రోజులు నేను కళ్ళప్పగించి చూడాల్సింది నాకు గిట్టని మనిషిని. చిత్తుప్రతి ఎవరూ అడగరు కాబట్టి ఇందులో మనసులో ఉన్నది రాసుకుంటాను.

సాపు: నా జోడీ సమయానికి వచ్చింది. గేటు పని శ్రద్ధగా గమనించింది.

5వ రోజు

పొద్దున్న పిల్లలు ఇళ్ళ నుంచి తాళ్ళ మీద వచ్చే తాడుబండి దిగే వేళకి గేటు నాదే, శిక్షణ ఆ తర్వాతే. 212 మంది నడుములకీ కట్టిన బెండు ముడి తడిమి చూసి లోపలికి పంపాలి. ముడి వదులైతే పిల్ల నీళ్ళలో పడినప్పుడు బెండు ఒక పక్క, పిల్ల ఒక పక్క.

గేటు దగ్గర గాలికి మాట వినపడదు. అందుకని నోరంతా తెరిచి, పెదాలు సాగదీసి మాట్లాడడం నాకు అలవాటైపోయింది. ఇంట్లోనూ అంతే. ఒక్కదాన్నే ఉన్నా పెదాలు ఆడుతూనే ఉంటాయట. వంటింటి ఎర్రమ్మ "రత్నం గాలితో కూడా తగువు పెట్టుకుంటాది" అని నవ్వుతుంది. నవ్వనీ. గాలిలో నేనేమనుకుంటే ఎవరికి వినపడుతుంది కనక?

ఈ వారం నేను గాలితో అనుకున్నవన్నీ దమయంతి గురించే. నాకు బెండు ముడి పట్టుబడడానికి ఏడాది పట్టింది. ఆమె ఒక్క పూటలో నేర్చేసుకుంది. పైగా "నువ్వు బాగా సెప్పావప్పా" అంది. మా వైపు అక్కని అప్పా అంటారు. నేనేం బాగా చెప్పలేదు. కావాలనే గబగబా చూపించాను.

పిల్లలు ఆమెని చూస్తే పరిగెత్తుకొస్తారు. నన్ను చూస్తే వరసలో నిలబడతారు. అసిరి అని ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతె ఉంది. వెనక నుంచి ఎంత పిలిచినా పలకదు. ఎదురుగా నిలబడితే మాత్రం నా మొహంలోకి గుచ్చి గుచ్చి చూస్తుంది. మొండిఘటం. అలాంటిది కూడా ఈ రోజు దమయంతి చెయ్యి పట్టుకుని నడిచింది.

సాపు: నా జోడీ బెండు ముడి ఒక్క పూటలో నేర్చుకుంది. (ఇది రాయక తప్పలేదు. నిజం.)

12వ రోజు

పడవల రేవులో శిక్షణ. ఏడో తరగతి పిల్లాణ్ణొకణ్ణి పన్నెండో తేలుడుకి పంపాం.

చెవిబిళ్ళ చెప్పే పాఠం మూడు నెలలు వరసగా అందుకోకపోతే ఆ బిళ్ళే వాడి పేరు పంపేస్తుంది. గురువారం పడవ వస్తుంది. రెండు రోజుల ప్రయాణం. అక్కడ వెనకబడిన పిల్లల బడి. ఏడాదికోసారి ఇంటికి పంపుతారు. మొదటి ఏడాది వచ్చేటప్పుడు పిల్లలు ఏడుస్తారు. రెండో ఏడాది ఏడవరు. అది చూడ్డమే నాకు ఎక్కువ కష్టం.

ఆ పిల్లాడి బెండు ముడి వేసింది నేను. వాడి మూటలో వేరుశనగ అచ్చు పెట్టింది నేను. కానీ పడవెక్కే ముందు వాడు పట్టుకుని వదలనిది దమయంతి కొంగు.

పడవ వెళ్ళాక ఆమె సింహాద్రి గారిని అడిగింది. "ఉంచడానికి దారే నేదేటండి?"

"బడిపెద్దకి ఒక పూచీ ఉంటాదమ్మా. బిళ్ళ మాట కాదని, నా మాట మీద ఈ పిల్ల ఇక్కడే సదూతాదని ఉంచీయొచ్చు. తొంభై రోజుల్లో ఆ పిల్ల సదివి సూపించాల. నాది ఎప్పుడో ఎనిమిదేళ్ళ కిందటే వాడీసాను."

"కొలువంతటికీ ఒకటేనా?"

"ఒకటే. అందుకే సూసి వాడుకోవాల."

ఈ సంగతి పంతొమ్మిదేళ్ళలో నేనెందుకు అడగలేదా అని నాకు తోచింది. తోచినందుకు ఆమె మీదే కోపమొచ్చింది.

19వ రోజు

ఫిర్యాదుల బల్ల దగ్గర శిక్షణ. ఒక తల్లి పూనకం వచ్చినట్టు ఊగిపోతూ వచ్చింది. వాళ్ళ అమ్మాయికి బిళ్ళ చెవిలో పుండు పెట్టిందట.

నాకు రూలు తెలుసు. బిళ్ళ మార్పు కాగితం నింపాలి, రెండు వేలిముద్రలు, మూడు రోజులు. గడగడా చెప్పేశాను. ఆవిడ ఇంకా పెద్దగా అరిచింది. దమయంతి లేచి నీళ్ళిచ్చి, "పొద్దున్నుంచి ఏటైనా తిన్నావేటి, పిన్నీ?" అంది. అంతే. ఆవిడ కూర్చుని ఏడ్చి, ముక్కు తుడుచుకుని, కాగితం నింపి, వెళ్తూ వెళ్తూ నవ్వింది కూడా.

నేను చెప్పిన కాగితమే కదా నింపింది! అయినా ఆ నవ్వు దమయంతికి.

నాకు అందంలో, చదువులో, వయసులో ఈర్ష్య లేదు. ఒట్టు. ఆమె ఏ గదిలోకి వెళ్ళినా ఆ గది ఆమెదైపోతుంది చూడండి, దానికి నా ఒళ్ళు మండుతుంది.

సాపు: నా జోడీ ఫిర్యాదుదారుతో మెత్తగా మాట్లాడింది. కాగితం సంగతి ముందు చెప్పింది నేనే.

పెట్టెలో వెయ్యబోతుంటే ఇది చూసి సింహాద్రి గారు రెండో వాక్యం కొట్టేయించారు. "నీ గురించి నువ్వు రాసుకోకూడదని సెప్పాను కదేటి!"

26వ రోజు

వంటింట్లో శిక్షణ. ఈ రోజు నాకు మంచి రోజు.

హాజరు 212. భోజనాల బల్లల దగ్గర నేను స్వయంగా లెక్కపెట్టిన తలలు 211. కడగడానికొచ్చిన పళ్ళేలు 212.

ఎర్రమ్మ తోముతుంటే పక్కన నిలబడి రెండుసార్లు లెక్కపెట్టాను. భోజనాల గది గడప దాటి పళ్ళెం బయటికి వెళ్ళకూడదు. ఎలుకలొస్తాయి, సముద్రపు కాకులొస్తాయి. అది ఏడో రూలు. మరి ఆ 212వ పళ్ళెం ఎక్కడ తిన్నట్టు?

28వ రోజు

దొరికింది.

మధ్యాహ్నం పన్నెండుంబావుకి, మేమిద్దరం విడివిడిగా చిత్తు రాసుకునే అరగంటలో, దమయంతి మూత పెట్టిన పళ్ళెం కొంగు చాటున పెట్టుకుని గడప దాటింది. శిక్షణలో ఉన్నవాళ్ళం పిల్లలందరూ తిన్నాకే తినాలి. ఈవిడకి ఆకలి ఆగలేదన్నమాట! పట్టా ఉన్న మనిషి, పిల్లల అన్నం!

నేను ఎంత సంతోషించానో రాయడానికి సిగ్గుగా ఉంది. ఇంటికెళ్ళి రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను.

సాపు: పన్నెండుంబావుకి నా జోడీ మూత పెట్టిన పళ్ళెంతో భోజనాల గది గడప దాటింది. ఏడో రూలు.

29, 30, 31 రోజులు

మళ్ళీ పళ్ళెం. మళ్ళీ పళ్ళెం. మళ్ళీ పళ్ళెం. మూడు రోజులూ సాపు రాశాను. నా దస్తూరి ఇంత గుండ్రంగా ఎప్పుడూ లేదు.

35వ రోజు

జ్వరం. జబ్బుగదిలో పడుకున్నాను. జోడీని చూడకపోతే రోజు ఎగ్గొట్టినట్టవుతుంది కదా, ఎలాగా అని బెంగ.

చూడక్కర్లేకుండా తనే వచ్చింది. వేడి గంజి, కాల్చిన ఎండుచేప. తెచ్చింది దేంట్లో అనుకున్నారు? మూత పెట్టిన పళ్ళెంలో.

"తాగీయప్పా. నువ్వు నేకపోతే గేటు గేటులాగా నేదు. పిల్లలు ముడులు సరిగ్గా ఉన్నాయో నేదో అని ఆళ్ళే వరసలో నిలబడి ఒకళ్ళవి ఒకళ్ళు తడుముకున్నారు."

నాకు మంచి మాట చెప్పి మెత్తబరచాలనుకుంటోంది. గంజి మాత్రం బాగుంది. ఉప్పు సరిగ్గా నాకు కావలసినంతే వేసింది. నాకెంత ఉప్పు కావాలో ఈమెకెవరు చెప్పారు?

సాపు: నా జోడీ రోగికి గంజి తెచ్చింది. రోగిని నేనే. పళ్ళెం గడప దాటింది.

47వ రోజు

ఈ రోజు వెంట వెళ్ళాను.

తినేటప్పుడు కళ్ళారా చూసి, ఎక్కడ కూర్చుని తిందో కూడా రాస్తే ఇక ఆఖరి రోజున కొలువు ఎవరిదో తేల్చే కమిటీకి అడగడానికేం ఉండదనుకున్నాను. చెప్పులు చేత్తో పట్టుకున్నాను. దమయంతి తాళ్ళగదిలోకి వెళ్ళింది. బడి చివర, పాత లంగరు తాళ్ళు పడేసే గది. దానికున్న ఒక్కటే గుండ్రటి కిటికీ, అది నా గేటు వైపుకి ఉంటుంది. తలుపు ఒక వేలు వెడల్పు తెరిచి చూశాను.

తాళ్ళచుట్ట మీద అసిరి కూర్చుని అన్నం తింటోంది. చెవికి బిళ్ళ లేదు. ఎదురుగా దమయంతి పలక పట్టుకుని, గొంతు బయటికి రాకుండా పెదాలు మాత్రం మెల్లగా కదుపుతోంది. అసిరి ఆ పెదాలనే చూస్తోంది. చూసి, బలపం తీసుకుని పలక మీద 'లంగరు' అని రాసింది. దమయంతి ఆ పిల్ల చెయ్యి తన గొంతు మీద పెట్టుకుని ఈసారి గట్టిగా పలికింది. అసిరి గొంతు అదిరేది తెలిసి కిలకిలా నవ్వింది.

ఆ పిల్లకి చెవులు వినపడవు.

వెనక నుంచి పిలిస్తే పలకని మొండిఘటం! పంతొమ్మిదేళ్ళ గేటు కొలువు, రోజూ ముడి తడిమే చెయ్యి, నాకే తెలియలేదు. వినపడని చెవిలో బిళ్ళ ఎంత వాగితే ఏం? పిల్ల వినడం లేదని రాసుకుంటుంది. మూడు నెలలు నిండితే గురువారం పడవ. అందుకని అసిరి బిళ్ళ, దాని స్నేహితురాలు పోలి రెండో చెవిలో ఉంది. ఇందాక భోజనాల దగ్గర పోలి రెండు చెవులకీ బిళ్ళలు చూసి వింత అనుకున్నాను. రెండు బిళ్ళలకీ పోలే జవాబులు చెబుతోంది. హాజరు 212.

అసిరి నన్ను చూసింది. ముందు కళ్ళలోకి కాదు, నా నోటి వైపు చూసింది. దమయంతి వెనక్కి తిరగలేదు. నేను చప్పుడు కాకుండా తలుపు మూసి వచ్చేశాను.

అది పిల్లల అన్నమే. పిల్లకే వెళ్ళింది.

ఇప్పుడు దీపాల వేళ కావస్తోంది, నా ఎదురుగా సాపు పుస్తకం ఉంది. హాజరు సంగతి సాపులో ఒక్క ముక్క కనబడితే చాలు, పెట్టె తనే చదివి అప్పటికప్పుడు బిళ్ళలకి చెప్పేస్తుంది. రాస్తే దమయంతి పని అయిపోయినట్టే. గైర్హాజరు దాచినవాళ్ళు బడిపెద్ద కాలేరు. కొలువు నాది. అసిరి గురువారం పడవలో ఉంటుంది, ముడి నేనే వేస్తాను.

అసలు నన్ను కోస్తున్నది కొలువు కాదు, అదేమిటో కూడా రాసేస్తాను. పంతొమ్మిదేళ్ళలో ఒక్క పిల్లా నా దగ్గరికొచ్చి దాక్కోలేదు. ఆమెకి నాలుగేళ్ళలో దొరికింది. ఏ పట్టా ఇస్తారు దానికి? ఎక్కడ నేర్పుతారు? అరవై రోజుల శిక్షణలో ఆ పాఠం ఏ రోజు ఉంది?

మొదట ఇలా రాశాను: తాళ్ళగదిలో ఒక పిల్ల ఉంది. చించేశాను.

తర్వాత: నా జోడీ ఒక పిల్లకి. చించేశాను.

మూడోసారి దస్తూరి వంకర పోయింది.

సాపు: మధ్యాహ్నం నా జోడీ విశ్రాంతి తీసుకుంది. చెప్పుకోదగ్గది నేనేమీ చూడలేదు.

పుస్తకం పెట్టెలో వేసి వచ్చాను. అబద్ధం. నా చేత్తో రాసిన మొదటి అబద్ధం, అదీ ఆమె కోసం. కాదు, పిల్ల కోసం. ఆమె కోసం నేను చిటికెడు ఉప్పు కూడా ఇవ్వను. పళ్ళేల సంగతి ఎలాగూ ముందే రాసి ఉంది, దాంతో గెలుస్తాను.

48వ రోజు

గేటు దగ్గర అసిరి ముడి తడిమాను. ముడి బాగానే ఉంది. అయినా విప్పి మళ్ళీ కట్టాను.

60వ రోజు

కమిటీ నేల మీద నుంచి వచ్చింది. ముగ్గురు. మాట్లాడేది మాత్రం ఒక పెద్దావిడ, తెల్ల చీర, మెడలో కళ్ళద్దాల గొలుసు. భోజనాల గదిలో బల్లలు జరిపి ఎదురెదురుగా కూర్చున్నాం. సింహాద్రి గారు ఒక మూల.

ముందు నా సాపు చదివారు. పెద్దావిడ దమయంతిని అడిగింది. "మూత పెట్టిన పళ్ళెం గురించి మీ జోడీ పదిహేనుసార్లకి పైగా రాశారు. ఎక్కడికి తీసుకెళ్ళారు?"

చెప్పకు, నేనే తిన్నానని చెప్పు అని మనసులో మొరపెట్టుకున్నాను. అలా చెబితే నేను గెలుస్తాను, పిల్లా ఉంటుంది. అందరికీ మంచిదే.

"అసిరి అనే పాపకండి," అంది దమయంతి. మొత్తం చెప్పేసింది. చెవులు, బిళ్ళ, పోలి, పలక, అన్నీ. చెప్పి, "బడిపెద్దనైతే పూచీ ఉందామనుకున్నానండి. మీరు అడిగారు కాబట్టి సెప్తన్నాను. మీరడిగాక కూడా దాస్తే నానింక ఏ బడికీ పనికిరాను" అంది.

పెద్దావిడ అసిరిని పిలిపించింది. పలక మీద ఏదో రాసి ఇచ్చింది. అసిరి చదివి, కింద జవాబు రాసింది. ఇంకోటి. ఇంకోటి. మూడో తరగతి పిల్ల నాలుగో తరగతి పాఠం చదువుతోంది. కమిటీ ముగ్గురూ తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడుకున్నారు.

"పిల్ల బడిలోనే ఉంది. పాఠం జరుగుతోంది. చెప్పే మనిషి ఎదురుగా ఉంది. దీన్ని గైర్హాజరు అని నేను రాయలేను," అందావిడ. "పళ్ళెం గడప దాటించడం తప్పే. అది మందలింపుతో పోతుంది."

అప్పుడు దమయంతి రాసిన సాపు తీశారు. అందులో ఉన్నది నేను.

ఆమె నా గురించి 'మంచిది, బాగా చేసింది' అని రెండేసి ముక్కలు గిలికి ఉంటుందనుకున్నాను. ఆవిడ చదువుతుంటే నా చెవులు నేనే నమ్మలేకపోయాను. 'నా జోడీ ముడి వేశాక రెండు వేళ్ళు లోపల పెట్టి చూస్తుంది, పిల్లకి ఊపిరాడుతోందో లేదో అని.' 'నా జోడీ పన్నెండో తేలుడుకి వెళ్ళే పిల్లల మూటల్లో వేరుశనగ అచ్చు పెడుతుంది. ఎవరికీ చెప్పదు.' 'నా జోడీ గంజిలో ఉప్పు కొంచెం ఎక్కువ వేసుకుంటుంది.' 'గేటు దగ్గర ఒంటరిగా ఉన్నప్పుడు కూడా మాట్లాడుతూనే ఉంటుంది. ఏమంటుందో తెలీదు, చాలా ఇష్టంగా అంటుంది.'

ఇష్టంగానా!

నన్ను ఇంతగా చూసిన మనిషి నా జన్మలో లేదు. మా ఇంట్లోవాళ్ళతో సహా. నాకు ఏడుపొచ్చింది, అది ఈర్ష్యో మరేమిటో తెలియలేదు.

తర్వాత నలభై ఏడో రోజు వచ్చింది. పెద్దావిడ గొంతు మారింది. "'మధ్యాహ్నం నా జోడీ తాళ్ళగది దాకా వచ్చింది. తలుపు తీసి లోపలికి చూసి, చప్పుడు చెయ్యకుండా మూసి వెళ్ళిపోయింది. ఏం చూసిందో నాకు తెలుసు, అడిగితే చెబుతాను.'" కళ్ళద్దాలు తీసి నా వైపు చూసింది. "మీరు మాత్రం ఏమీ చూడలేదని రాశారు."

నేను లేచి నిలబడ్డాను.

"చూశానండి," అన్నాను.

"తెలిసే అబద్ధం రాశారా?"

"రాశానండి."

సింహాద్రి గారు మూలన తల పట్టుకున్నారు. అబద్ధం రాసినవాళ్ళకి కొలువు రాదు, ఎందుకు రాశారన్న ప్రశ్న రూలులో లేదు. పెద్దావిడ అడగలేదు కూడా. కాగితం మీద గీత గీసింది. దమయంతి పేరు కింద సంతకం పెట్టింది.

అరవై రోజుల్లో నేను మంచిపని చేసింది ఒక్కటే. చివరికి అందులో కూడా నన్ను మించిపోయింది. నేను పిల్లని దాచడానికి అబద్ధం ఆడాను. ఆమె నిజం చెప్పి పిల్లని నిలబెట్టింది. దేవుడా, ఆ ఒక్కటైనా నాకు వదిలెయ్యకూడదా!

61వ రోజు

దమయంతి గేటు దగ్గరికొచ్చింది. నా కుర్చీలో కూర్చోలేదు. పక్కన నిలబడింది.

"నువ్వొచ్చి సూసావని అసిరి సెప్పింది. నువ్వు నిజమే రాసుంటావనుకున్నానప్పా. రోజూ పళ్ళెం గురించి రాసీదానివి కదా, ఆ రోజు మాత్రం రాయకుండా వొగ్గీయవు, ఇంక అసిరి పడవెక్కినట్టే అనుకుని గురువారం దాకా నిద్దర పోనేదు. నువ్వు అలా రాస్తావని తెలిస్తే నాను ఆ రోజు..."

"ఆ రోజేటి? అబద్ధం రాసీదానివా?"

"నేదప్పా. రాయలేకపోయీదాన్ని."

అదిగో. అబద్ధం చెప్పి నన్ను ఓదార్చడానికి కూడా ఆమెకి చేతకాదు. ఆమె వెళ్ళాక గాలితో పావుగంట సేపు తిట్టాను.

64వ రోజు

కొత్త బడిపెద్ద తన కొలువంతటికీ ఉన్న ఒక్క పూచీ మొదటి వారంలోనే వాడేసింది, అసిరి మీద. గైర్హాజరు కాదని కమిటీ రాసినా, బిళ్ళ మాట కాదని పిల్లని ఉంచాలంటే పూచీ కావాల్సిందే. తొంభై రోజుల్లో ఆ పిల్ల ఏడాది పాఠమంతా చదివి చూపించాలి. చూపించకపోతే పిల్ల పడవెక్కుతుంది, పూచీ వృథా. బడిపెద్దకి పడవలు, కాగితాలు, ఫిర్యాదులు. తాళ్ళగదిలో కూర్చునే తీరిక లేదు. మరి ఎవరు చెప్పాలి?

"నీ నోరు దానికి బాగా తెలుస్తాదంటంది అప్పా. నా పెదాలు సన్నంగా కదుల్తాయంట. గేటు కాడ నీ పక్కన కూకోబెట్టుకో," అంది దమయంతి.

పూచీ ఆమెది, చాకిరీ నాది. పేరు ఎవరికి వస్తుందో చెప్పక్కర్లేదు. ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నానో ఇంకా ఆలోచిస్తున్నాను.

ఈ రోజు సాపు లేదు. ఇక రాయక్కర్లేదు. అయినా చిత్తు పుస్తకంలో కాగితాలు మిగిలాయి కాబట్టి రాస్తున్నాను.

పిల్లలందరూ లోపలికి వెళ్ళాక అసిరి పలక పట్టుకుని వచ్చింది. కుర్చీ ఒక్కటే కదా, నా ఎదురుగా నిలబడింది. నేను 'తెడ్డు' అని పెదాలతో చెప్పాను. వెంటనే రాసింది. 'తెరచాప' అన్నాను. రాసింది. దమయంతి నెల రోజులు కష్టపడిందట పెదాలు చదవడం నేర్పడానికి. ఈ పిల్లకి నా దగ్గర ఒక్క మాటైనా తప్పు పోలేదు.

"ఇంత బేగి ఎలా వచ్చింది నీకు?" అన్నాను.

అసిరి గుండ్రటి కిటికీ వైపు వేలు చూపించింది. వినపడని పిల్ల కాబట్టి కొంచెం గట్టిగానే మాట్లాడుతుంది. "నాను ఆ కిటికీ కాడే కూకునీదాన్ని. దమయంతి అప్ప రాకముందు కూడా. నువ్వు ఒక్కదానివే మాటాడీదానివి. నాను సూసి నేర్సీసుకున్నాను."

నేను కుర్చీలో ముందుకి వంగాను.

"ఏటి మాటాడీదాన్ని?"

"'నా కుర్సీ, నా కుర్సీ' అనీదానివి. 'దాని పట్టా తగలెట్ట' అనీదానివి. 'పిల్లలంతా దాని ఎనకే, నా మొగం ఎవులు సూస్తారు' అనీదానివి." నా మొహంలోకి చూసి, "నాను సూసీదాన్ని కదా," అంది.

సముద్రం మీద గాలి ఒక్కసారిగా పెద్దదైంది. ఇప్పుడేం చెప్పినా లాభం లేదు, నా మాటలన్నీ ఈ పిల్ల ఎప్పుడో చదివేసింది. పంతొమ్మిదేళ్ళు గాలికి చెప్పుకున్నాననుకున్నాను. నెలల తరబడి ఒక పిల్ల రోజూ కూర్చుని వింటోంది, బడిలో వినపడని పిల్ల ఒక్కతే.

"ఇయన్నీ దమయంతికి సెప్పీసావేటి?"

అసిరి తల అడ్డంగా ఊపింది. బెండు ముడి మీద చెయ్యి వేసుకుంది, ఒట్టు పెట్టుకున్నట్టు.

"అప్పకి నాను సెప్పనేదు," అంది. "అది మనిద్దరిదీ."

నేను కుర్చీలో ఒక పక్కకి జరిగాను.